రాయని దీపం నంబరు

ఆ బొగ్గుగని కాలనీలో బోరింగు కావాలన్నా, మురుగు మోరీలు తీయాలన్నా అర్జీ మీద మొదటి సంతకం దశరథానిదే. అంతటి మనిషి, ఆ పొద్దున అనసూర్య కాగితం చాపితే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

అనసూర్య పక్క క్వార్టరామె. నెల కిందట ఆమె కొడుకు సుధాకర్‌ను పొడిచి చంపారు. పోలీసులు ఒకడిని పట్టుకున్నారు. వాడిని ఉరి తీయాలని ఈ అర్జీ.

"లైనంత సంతకం పెట్టిండ్రన్నా. నువ్వొక్కనివే మిగిలినవ్."

"ఉరి అని వద్దు చెల్లే. బతికినన్ని దినాలు జైల్ల ఉంచుమని రాయి, పెడ్త."

"వాడు నీకేమైతడన్నా?"

వాడేమీ కాడు. చెప్పాల్సిన మాట మరొకడి గురించి, తొమ్మిదేళ్లుగా దాచుకున్నది.

అప్పట్లో దశరథం గనిలో దీపాల గది మనిషి. దిగే ప్రతి కార్మికుడికీ తన నంబరు దీపం ఇచ్చి పుస్తకంలో రాయాలి. ఒక మధ్యాహ్నం షిఫ్టులో ఇస్తారి అనే కార్మికుడి దీపం మినుకుమినుకుమంటుంటే, దాన్ని తిరిగి స్టాండుకు పెట్టి, ఆ రోజు డ్యూటీకి రానివాడి దీపం తీసి ఇచ్చాడు. రద్దీలో రాయడం మరిచాడు. అందరూ చేసేదే, కొంపేం మునుగుతుంది?

మునిగింది. అదే షిఫ్టు వేళ బయట ఒక కాంట్రాక్టరు హత్య జరిగింది. వాడికీ ఇస్తారికీ పాత పగ. గనిలోనే ఉన్నానని ఇస్తారి మొత్తుకున్నాడు. అతని దీపం స్టాండులోనే ఉందని పుస్తకం చెప్పింది. హాజరు వేయించుకుని బయటికి జారుకున్నాడన్నారు పోలీసులు. రాయకుండా దీపమిచ్చానంటే నౌకరి ఊడుతుంది, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. "ఆ దినం ఇస్తారి దీపం తీసుకోలే సార్" అన్నాడు దశరథం కోర్టులో.

ఇస్తారికి ఉరిశిక్ష పడింది.

రెండేళ్లు దశరథానికి ముద్ద దిగలేదు. పైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చిన రోజు కొండగట్టుకు పోయి గుండు చేయించుకున్నాడు. బిడ్డల పెళ్లి మొక్కు కాబోలనుకున్నారు అందరూ. చెబితే జైలు, చెప్పకుంటే నిద్ర రాదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి భార్య నర్మద, "రిటైరైనంక చెప్పు" అంది. రిటైరై ఏడాదైంది. ఇప్పుడు పింఛను భయం. పిరికివాడికి సాకులు కరువా!

అనసూర్య ఏడ్చేసింది. "నా కొడుకు పాడె మోసినవ్ గదన్నా. నీ కొడుకైతే గిట్లనే అందువా?"

గడపగడపకూ జనం వచ్చి నిలబడ్డారు. తలుపు సందులోంచి నర్మద వద్దు వద్దని తల ఊపుతోంది. దశరథం అరుగు మీద కూలబడ్డాడు.

"నీ కొడుకును వాడే సంపిండేమో, నాకెర్క లేదు చెల్లే. గాని ఇస్తారి మీద నేను అబద్ధం చెప్పిన. వాడు గనిలనే ఉండె. వేరే దీపం నా చేతులతోనే ఇచ్చిన."

అనసూర్య చేతిలోని కాగితం వైపు చూశాడు.

"ఇస్తారిని ఉరి తీసి ఉంటే, గీ మాట ఇయ్యాల ఎవలకు చెప్పుదు?"

అనసూర్య కాగితం మడిచి కొంగులో ముడేసుకుంది. నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇస్తారిని కన్న అవ్వ ఉన్నదా ఇంకా?"

"ఉన్నది."

"మరి నాకు చెప్తున్నవేందన్నా? పో, ఆమెకు చెప్పు."