కాంటాక్ట్ గార్డ్

2023 సెప్టెంబర్. అమెరికాలో, పార్సిప్పనీకి దగ్గర్లో ఒక ఫిజికల్ థెరపీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. స్ట్రిప్ మాల్ చివర, డ్రై క్లీనింగ్ షాపు పక్కన ఉంటుంది. వెనక గోడంతా అద్దం, అద్దం అవతల పార్కింగ్ లాట్. ఆ రోజుల్లో పొద్దున్నే పొగమంచు దిగి పార్కింగ్ లాట్‌ని మింగేసేది. ముందు హెడ్‌లైట్లు కనిపించేవి, కారు ఎప్పటికో బయటపడేది. నేను భీమిలిలో పెరిగినదాన్ని. ఆ అద్దం ముందు నిలబడితే ఒడ్డుకు వస్తున్న పడవలే గుర్తొచ్చేవి. మనుషుల్ని లేపి నిలబెట్టడం నా ఉద్యోగమే గానీ, పొద్దున మొదటి పేషెంట్ దగ్గర నేనే సగం కలలో ఉంటాను.

ఒకరోజు ఆ మంచులోంచి వాకర్ తోసుకుంటూ విట్మోర్ గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. చొక్కా ఇస్త్రీ నలగలేదు, జుట్టు ఒక్క వెంట్రుక పక్కకి పోలేదు. కుర్చీలోంచి లేవమంటే మాత్రం రెండు చేతులూ ఒణికాయి.

మా అసిస్టెంట్ శ్రీలతది వరంగల్. పేషెంట్ల ముందు తెలుగు మాట్లాడకూడదని ఇద్దరికీ తెలుసు. అయినా నోరు ఊరుకోదు. ఆయన రెండు పక్కలా ఉన్న ఇనప బార్లు పట్టుకుని నాలుగడుగులు వేశాక శ్రీలత అడిగింది. "అక్కా, ఈయనని వదిలెయ్యొచ్చా, పట్టుకోవాల్నా?"

"అప్పుడే వదలకు. ఈయన ఇంకా కాంటాక్ట్ గార్డే," అన్నాను.

ఆయన అక్కడికక్కడే ఆగిపోయారు. భుజాలు నిటారుగా అయ్యాయి. "అవును, కోస్ట్ గార్డే. నేనెవరికీ చెప్పలేదే. మీకెలా తెలిసింది?" అన్నారు.

మాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తెలుగు వాక్యంలో ఆయన చెవికి అందింది ఆ ఒక్క మాటే, అదీ తన మాటగా మారి. ఆయన కోస్ట్ గార్డ్‌లో కమాండర్‌గా రిటైర్ అయ్యారని మాకు అప్పుడే తెలిసింది. నవ్వాపుకుంటూ అసలు సంగతి చెప్పాను. మనిషికి ఎంత సాయం కావాలో చెప్పడానికి మా వృత్తిలో కొన్ని మెట్లున్నాయి. దాదాపు ఎత్తి నిలబెట్టాల్సి వస్తే మాక్స్ అసిస్ట్. కాస్త ఊతం చాలితే మిన్ అసిస్ట్. కాంటాక్ట్ గార్డ్ అంటే ఊతం ఉండదు, చెయ్యి మాత్రం మనిషి మీద ఉంటుంది, తాకీ తాకనట్టు. ఆ పై మెట్టు స్టాండ్‌బై. పక్కనే ఉంటాం, తాకం.

"నాకు ఆ స్టాండ్‌బై కావాలి. నవంబర్ కల్లా," అన్నారాయన.

నవంబర్‌లో ఏముందని అడిగితే, నెమ్మదిగా రెండు మూడు రోజుల్లో చెప్పుకొచ్చారు. మా కౌంటీలో రిటైర్ అయిన మిలిటరీ ఆఫీసర్ల సంఘానికి ఒక శాఖ ఉంది. నెలకోసారి లంచ్‌కి కలుస్తారు. హైస్కూల్ పిల్లలకి స్కాలర్‌షిప్పులిస్తారు, వెటరన్స్ హోమ్‌కి వెళ్లి ముసలివాళ్లతో పేకాడతారు, మే నెలలో సమాధుల దగ్గర జెండాలు పెడతారు. పోయిన సభ్యుల భార్యలు కూడా సభ్యులే. లంచ్ చివర సైన్యంలో ఒక్కో విభాగం పాటా వరసగా వాయిస్తారు. ఆర్మీ పాటకి ఆర్మీ వాళ్లు, నేవీ పాటకి నేవీ వాళ్లు లేచి నిలబడతారు. కోస్ట్ గార్డ్ పాట చివర వస్తుంది. దానికి లేచేవాళ్లు ఇద్దరే ఉండేవారు. రెండో ఆయన ఆ వేసవిలో పోయారు. కమాండర్ ఆస్పత్రిలో ఉన్న నెల పాట మొదలైతే ఎవరూ లేవలేదట. ఆ సంగతి ఫోన్లో ఒక స్నేహితుడు మాటవరసకి చెప్పాడు.

"ఫోర్కుల చప్పుడు వినిపించిందట, డాక్టర్. మా పాట వాయిస్తుంటే జనం కేక్ తింటున్నారు," అన్నారాయన. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

ఆ రోజు నుంచీ మా పని ఆ పాట చుట్టూ తిరిగింది. కుర్చీలోంచి లేవడం, పాట అయ్యేదాకా నిలబడటం, మళ్లీ కూర్చోవడం. పాట ఆయనే కూనిరాగం తీసేవారు. గట్టి నేల మీద మోకాళ్లు తొందరగా అలిసిపోయేవి. ఒకరోజు బ్యాలెన్స్ కోసం మెత్తటి ఫోమ్ ప్యాడ్ వేసి దాని మీద నిలబెట్టాను. మామూలుగా అందరూ దాని మీద తూలుతారు. ఆయన తూలలేదు. మోకాళ్లు కాస్త సడలించి, అడుగు కింద నేల కదులుతుంటే దాంతోపాటు కదిలారు. ముఖంలో ఏదో తేటదనం వచ్చింది.

"ఓడ డెక్ ఇలాగే ఉంటుంది," అన్నారు.

అద్దం అవతల మంచులో ఒక కారు లైట్లు వెలిగి దగ్గరికొస్తున్నాయి. ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. అది చేపల పడవ అన్నారాయన. మా ఊరి పడవకి ఒక్క దీపమే ఉంటుందన్నాను. అయితే రెండు పడవలు పక్కపక్కనే వస్తున్నాయన్నారు. ఆ తర్వాత ప్రతి ఉదయం ఆ ఆట ఆడాం. తుంటి, మోకాలు, ఇన్సూరెన్స్ అన్నీ ఆ మంచులో కాసేపు కలిసిపోయేవి. శ్రీలత వచ్చి టైమ్ అయిందని చెబితే గానీ ఒడ్డుకి వచ్చేవాళ్లం కాదు.

నవంబర్ వచ్చేసరికి క్లినిక్‌లో ఆయన స్టాండ్‌బై మెట్టు ఎక్కారు. కొత్త చోట, జనం మధ్య, అలసిపోయాక ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. మా ఓనర్ అనుమతితో సెలవు రోజున ఆయన అతిథిగా వెళ్లాను. నడుముకి గెయిట్ బెల్ట్ ఉండాలన్నాను. పేషెంట్ పడబోతే పట్టుకోవడానికి వాడే పట్టీ అది. ఆయన ససేమిరా అన్నారు. చివరికి బ్లేజర్ లోపల కట్టుకుంటానని రాజీకొచ్చారు, ఒక షరతు మీద.

"నేను అడిగితే తప్ప చెయ్యి వేయకూడదు. ఇంకొకరి చేతి మీద నిలబడితే అది నిలబడటం కాదు."

చర్చి వెనక హాల్లో లంచ్. యుద్ధం కబుర్లు ఉంటాయనుకుని వెళ్లాను. వాళ్లు పార్కింగ్ గురించి, సూప్ చల్లారిపోవడం గురించి, స్కాలర్‌షిప్ ఎంతమందికి ఇవ్వాలన్నదాని గురించి వాదించుకున్నారు. ప్రెసిడెంట్ ఆర్మీలో కల్నల్‌గా చేసినాయన. చెవులకి మిషన్ ఉంది, అయినా సగం మాటలు అందవు. మూల పియానో దగ్గర ఎడ్నా గారు కూర్చున్నారు. ఒక మేజర్ గారి భార్య, ఇప్పుడు ఒంటరి. ఏళ్లుగా ఆ పాటలు వాయించేది ఆవిడే.

పాటలు మొదలయ్యాయి. ఒక్కో టేబుల్ దగ్గర కుర్చీలు జరిగాయి, మనుషులు లేచారు, కూర్చున్నారు. చివరి పాట మొదటి స్వరానికే కమాండర్ టేబుల్ అంచు పట్టుకున్నారు. ముందుకి వంగారు. లేవలేదు. మళ్లీ వంగారు. నేను ఆయన వెనక అర అడుగు దూరంలో నిలబడ్డాను, చెయ్యి బెల్ట్ ఎత్తులో, తాకకుండా. సగం లేచేసరికి పాట సగం అయిపోయింది. హాల్లో ఫోర్కుల చప్పుడు లేదు. పూర్తిగా నిటారుగా అయ్యేసరికి చివరి చరణం చివరికొచ్చేసింది.

అప్పుడు ఎడ్నా గారు పియానో మీంచి తలెత్తి ఆయన్ని చూశారు. పాట ముగించకుండా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

ఆవిడది బంగారంలాంటి మనసు. కానీ నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేము ప్రాక్టీస్ చేసింది ఒక్క పాటకి. ఆయన అప్పటికే లేవడంలో సగం బలం ఖర్చు పెట్టేశారు. రెండో చరణానికి ఎడమ మోకాలు ఒణకడం మొదలైంది. ఒణుకు బ్లేజర్ అంచు దాకా పాకింది. కూర్చోమని చెప్పాలా, మాట తప్పి పట్టుకోవాలా? తుంటి మళ్లీ విరిగితే ఆ వయసులో మనిషి మంచం దిగడు. ఇంకో క్షణం ఆగనని నిర్ణయించుకున్నాను.

"కాంటాక్ట్, డాక్టర్," అన్నారాయన, తల తిప్పకుండా.

అరచెయ్యి ఆయన నడుము మీద ఆన్చాను. పట్టుకోలేదు, ఎత్తలేదు. నా చేతికి ఆయన బరువు రాలేదు. అయినా మోకాళ్లు కాస్త సడలాయి, క్లినిక్‌లో ఫోమ్ మీద సడలినట్టే, ఒణుకు నెమ్మదిగా తగ్గింది. ఆయన ఎదురుగా కిటికీలోకి చూస్తున్నారు. అక్కడ మంచు లేదు, మామూలు మధ్యాహ్నపు ఎండ. కానీ ఏం చూస్తున్నారో నాకు తెలుసు. పాట ఆఖరి స్వరం దాకా నిలబడ్డారు.

కల్నల్ మా టేబుల్ దగ్గరికొచ్చారు. మీరూ లేచి నిలబడ్డారు, మీరూ సర్వీస్‌లో చేశారా అని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే కమాండర్ జవాబిచ్చారు.

"ఆవిడ కాంటాక్ట్ గార్డ్."

కల్నల్ సంతోషంగా నా చెయ్యి ఊపి, దేశానికి మీరు చేసిన సేవకి కృతజ్ఞతలన్నారు. కమాండర్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వు ఆగేది కాదు.

కాలేజీలో కాంటాక్ట్ గార్డ్ అంటే పేషెంట్ ఇంకా పూర్తిగా బాగుపడలేదన్న గుర్తుగా చదువుకున్నాను. ఎంత త్వరగా చెయ్యి తీసేస్తే అంత మంచి థెరపిస్ట్ అనుకునేదాన్ని. బరువు మొయ్యని చెయ్యి కూడా మనిషిని నిలబెడుతుందని ఆ రోజు హాల్లో నా అరచేతికి తెలిసింది. ఇప్పుడు కొత్తగా వచ్చే థెరపిస్టులకి తాకీ తాకని చెయ్యి అంటే ఏమిటో ముందు అదే నేర్పిస్తాను.

తర్వాతి శీతాకాలంలో కమాండర్ నిద్రలోనే పోయారు. కొన్ని వారాలకి కల్నల్ ఫోన్ చేశారు. లంచ్‌కి రావాలి, కోస్ట్ గార్డ్ పాటకి లేచేవాళ్లు లేరు అన్నారు. నేను కోస్ట్ గార్డ్ కాదు సార్, కాంటాక్ట్ గార్డ్‌ని, అని గట్టిగా, విడివిడిగా చెప్పాను.

"తెలుసమ్మా," అన్నారాయన. "ఆయనే చెప్పాడు. అందుకే పిలుస్తున్నాను."

వెళ్లాను. చివరి పాట మొదలవగానే ఆయన కూర్చునే చోటికి అర అడుగు వెనక నిలబడ్డాను, చెయ్యి బెల్ట్ ఎత్తులో. ఎవరూ కేక్ ముట్టుకోలేదు. ఎడ్నా గారు ఈసారి పాట ఒక్కసారే వాయించారు.