వంత ఆపిన సుక్కమ్మ

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తున్న కాలంలో అక్కడ పొట్ట పోసుకున్న వేలమందిలో సుక్కమ్మ ఒకతె. కల్వకుర్తి దగ్గరి పల్లె నుంచి మొగుడు యాదయ్యతో కలిసి వలస వచ్చింది. యాదయ్య రాళ్లు కొట్టేవాడు. ఆమె సున్నం తట్ట మోసేది. కర్రలతో కట్టిన ఏటవాలు దారి మీద ఆడవాళ్లు బారులు తీరి ఎక్కుతుంటే అందరికంటే ముందు సుక్కమ్మే ఉండేది. బలం ఎక్కువని కాదు. ఆమె పాట అందుకుంటే వెనకవాళ్లకు అడుగు తేలికయ్యేది. మేస్త్రీ కూడా పొద్దున్నే ఆమె వచ్చిందా లేదా అని చూసుకునేవాడు.

ఆ రోజుల్లో నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కాటమయ్య దాసు పేరు తెలియని ఇల్లు లేదు. తంబుర మీటుతూ కథ చెప్పేవాడు. దొరల కాలంలో వెట్టిచాకిరీ మీద పాటలు కట్టి, ఊరూరా పాడి, జైలుకు పోయి వచ్చినవాడు. కాలం మారాక ఆయన గొంతు గ్రామఫోను ప్లేట్ల మీదికి ఎక్కింది, రేడియోలో వచ్చింది. నార్కట్‌పల్లి చౌరస్తాలో చోటే మియా చాయ్ హోటల్ ఉండేది. ఆ హోటల్ రేడియోలో దాసు కథ వస్తోందంటే డ్రైవర్లు బస్సులు ఆపుకొని వినేవారు. మక్కా పటం పక్కనే చోటే మియా దాసు ఫోటో పెట్టుకున్నాడు.

సుక్కమ్మ పుట్టింట్లో దాసు అంటే భక్తికి ఇంకో కారణం ఉంది. పోలీసులు వెతుకుతున్న రోజుల్లో ఆమె తండ్రి మారయ్య ఆయన్ని తన గడ్డివాములో దాచి అన్నం పెట్టాడు. సంగతి తెలిసి పోలీసులు వచ్చేసరికి దాసు వెళ్లిపోయాడు. ఎటు పోయాడో చెప్పమని మారయ్యను వాకిట్లోనే కొట్టారు. చెప్పలేదు. నడుము విరిగి మంచాన పడ్డవాడు మళ్లీ లేవలేదు. తండ్రి పోయాక తల్లి నర్సింగమ్మ ఎవరితో మాట్లాడినా ఆ సంగతి చెప్పుకుని, కళ్లు తుడుచుకుని, గర్వపడేది.

అలాంటి దాసు ఒకరోజు కట్ట దగ్గరికి కూలీలను చూడటానికి వచ్చాడు. ఏటవాలు దారి కింద నిలబడి పైనుంచి వస్తున్న పాట విన్నాడు. తట్ట దించి వచ్చిన సుక్కమ్మను పిలిపించి, ఎవరి బిడ్డవని అడిగాడు. మారయ్య పేరు వినగానే ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ తండ్రి ఉప్పు దిన్న. గీ గొంతు సున్నంల కలిసిపోవుడేంది? నాతోని రా, వంత పాడు" అన్నాడు.

ఆ రోజు కూలీల గుడిసెల్లో పండగలా ఉంది. యాదయ్య ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. తోటి ఆడవాళ్లు తమ డబ్బులతో ఆమెకు ఎర్రంచు చీర కొన్నారు.

మొదటి కొన్ని నెలలు సుక్కమ్మకు నేల మీద కాలు ఆనలేదు. దాసు చరణం విసిరితే ఆమె అందుకునేది. జనం చప్పట్లు కొడుతుంటే ఒళ్లు ఝల్లుమనేది. తర్వాత ఒక ఊళ్లో, మేళమంతా సత్రంలో దిగినప్పుడు, కాళ్లు పిసకమని దాసు పిలిపించాడు. తండ్రిలాంటివాడని వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు ఆమె వెళ్లిన మనిషి కాదు. అరవబోతే గొంతు మీద చెయ్యి వేసి ఆయనన్న మాట ఆమె చెవుల్లో ఉండిపోయింది. "అరుస్తె అరువు. ఎవరు నమ్ముతరో జూద్దాం."

ఆమె దాసు భార్య హనుమమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పుకుంది. హనుమమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. తలెత్తలేదు.

"నీ లెక్క ఎందరో వచ్చిన్రు బిడ్డా, ఎందరో పోయిన్రు. నేను ఎవరికి జెప్పుకోవాలె?" అంది.

సుక్కమ్మ వెళ్లిపోదామనుకుంది. కానీ అదే వానాకాలంలో కట్ట మీద బండ దొర్లి యాదయ్య కాలు నలిగింది. దవాఖానలో కాలు నిలబెట్టారు గాని అతను మళ్లీ పని చేయలేకపోయాడు. ఆమె తెచ్చే దాని మీదే ఇల్లు నడవాలి. నోరు మూసుకుంది. కొన్నేళ్లు అట్లాగే గడిచాయి. దాసు పిలుపు వస్తే వెళ్లింది. తెల్లారి అతని పక్కన నిలబడి వంత పాడింది. గొంతు మాత్రం ఏమీ ఎరగనట్టు ఎప్పటిలాగే పలికేది. తన గొంతంటే ఆమెకు అసహ్యం పుట్టింది ఆ కాలంలోనే.

తర్వాత మేళంలోకి బిక్షమ్మ వచ్చింది. కొత్తగా పెళ్లయిన పిల్ల, కోయిల గొంతు. అత్తగారు సోమమ్మే స్వయంగా తీసుకువచ్చి దాసు చేతిలో పెట్టి పోయింది. సుక్కమ్మ ఆ పిల్లను పక్కలో పడుకోబెట్టుకునేది, ఒంటరిగా నీళ్లకు కూడా పంపేది కాదు. కల్వకుర్తిలో దాసుకు సన్మానం తలపెట్టిన రోజు పొద్దున, తమలపాకులు తెమ్మని ఆయన సుక్కమ్మను బజారుకు తరిమాడు. తిరిగి వచ్చేసరికి బిక్షమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. గాజులు పగిలి చెయ్యి గీరుకుపోయింది. సుక్కమ్మ భుజం మీద చెయ్యి వేయగానే ఉలిక్కిపడి ఇంకా ముడుచుకుంది.

"అక్కా, ఎవరికి జెప్పకు" అంది.

మధ్యాహ్నం షామియానా కింద సభ మొదలైంది. సంత రోజు కావడంతో జనం విరగబడి వచ్చారు. పెద్దలు శాలువా కప్పారు, దండలు వేశారు. దాసు తంబుర తీసుకుని, కొత్తగా కట్టిన పాట ఎత్తుకున్నాడు. ఆడబిడ్డల కష్టాల మీద కట్టిన పాట అది. మొదటి చరణం అయ్యాక వంత అందుకోవాలి. సుక్కమ్మ అందుకోలేదు. దాసు ఆమె వంక చూసి మళ్లీ చరణం విసిరాడు. ఆమె మైకు దగ్గరికి నడిచింది.

"గీయన పాటల ఆడిబిడ్డ ఏడుస్తాంది. గీయన అర్రల గూడ ఏడుస్తాంది. నన్ను జెరిచిండు. ఇయ్యాల ఇంకో పిల్లను జెరిచిండు. నా తండ్రి గీయన కోసం సచ్చిండు, నేను అబద్ధం ఆడ" అంది.

ఎవరో మైకు తీసేశారు. ఆ తర్వాత లేచింది గోల. దాసు తంబుర ఒళ్లో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి ముందు వరసలోని ఆడవాళ్లు ఏడ్చారు. ఒక ముసలామె లేచి సుక్కమ్మ మీద దుమ్మెత్తి పోసింది. అరటి తొక్కలు పడ్డాయి, తర్వాత చెప్పులు. ఆమె వెనక్కి తిరిగి చూస్తే బిక్షమ్మ అక్కడ లేదు.

వారం తిరక్కుండా మాట రెండు జిల్లాలూ చుట్టింది. అన్నేళ్లు కూడు తిని ఇప్పుడు బురద జల్లుతోందన్నారు. ఎవరో డబ్బిచ్చి మాట్లాడించారన్నారు. తప్పు చేసినా సరే, పేదోళ్ల కోసం పాడిన ఒక్క గొంతును మన చేతులతో మనమే నొక్కుకుంటామా అని బాగా ఆలోచించేవాళ్లు అన్నారు. నార్కట్‌పల్లిలో చోటే మియా మాత్రం దాసు ఫోటో తీసి గల్లా కింద పెట్టాడు. రెండు రోజులు హోటల్ ముందు బస్సు ఆగలేదు. మూడోరోజు ఫోటో మళ్లీ గోడ మీదికి ఎక్కింది. అటుగా వెళ్తున్న సుక్కమ్మను పిలిచి చాయ్ ఇచ్చి, ఆమె ముఖం చూడలేక గ్లాసులు కడుగుతూ అన్నాడు.

"నాకు తెల్సు చెల్లె, నువ్వు ఝూట్ మాట్లాడవు. మగర్ నాకు గీ హోటలే ఉన్నది. పిల్లలున్నరు."

ఆమె పుట్టింటికి వెళ్లింది. తల్లి గడపలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"అమ్మా, నువ్వన్న నమ్ము" అంది సుక్కమ్మ.

"నమ్మితే నాకేం మిగుల్తదే? ఆయన గట్లాంటోడైతే మీ బాపు దెబ్బలు దిన్నది దేనికే? ఎవని కోసం సచ్చిండే?" అని నర్సింగమ్మ గుండెలు బాదుకుంది.

సుక్కమ్మ వచ్చిన దారినే తిరిగి వెళ్లింది. తల్లి బతికున్నంత కాలం ఆ గడప మళ్లీ తొక్కలేదు.

యాదయ్య కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క మాటే అడిగాడు. "నిజమైతే గిన్నేండ్లు ఎందుకు ఊకున్నవ్?"

"నీ కాలుకు మందెక్కడికెల్లి వచ్చిందనుకున్నవ్?" అంది.

అతను ఆ రోజు నుంచి ఆమె చేతి కూడు తినడం మానేశాడు. కొన్నాళ్లకు అన్న ఇంటికని పోయి రాలేదు.

ఆమెను నమ్మినవాళ్లు లేకపోలేదు. సమితి ఎన్నికలు వచ్చాయి. దాసు ఒకప్పుడు ఎవరి మీద పాటలు కట్టి జైలుకు పోయాడో ఆ దొర కొడుకు నిలబడ్డాడు. దాసు అవతలి మనిషి తరఫున పాడుతున్నాడు. ఒకరోజు సుక్కమ్మ గుడిసె ముందు జీపు ఆగింది. "నీకు అన్యాయం జరిగింది, పది మందిల జెప్పు, మేమున్నం" అన్నారు వచ్చినవాళ్లు. ఆ మాట ఎవరైనా అంటారని ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూసింది. దొర మనుషులని తెలిసీ జీపెక్కింది.

నార్కట్‌పల్లి సభలో ఆమె చెబుతుంటే ముందు కూర్చున్న మగవాళ్లు ఇంకా చెప్పమన్నారు. ఏ గదిలో, ఎట్లా, ఏం చేశాడు అని అడిగి నవ్వుకున్నారు. దొర కొడుకు కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆమె మాట మధ్యలోనే ఆపి దిగిపోయింది.

దాసు తరఫువాళ్లు ఊరుకోలేదు. బిక్షమ్మ ఊళ్లో పంచాయితీ పెట్టించి సుక్కమ్మను రప్పించారు. సోమమ్మ కోడలి రెక్క పట్టుకుని నిలబెట్టింది. పెద్దమనుషులు అడిగారు. బిక్షమ్మ నేల చూస్తూ చెప్పింది.

"నాకేం తెల్వదు. దాసుగారు నాకు బాపు లెక్క."

సుక్కమ్మకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. బిక్షమ్మ చేతికి కొత్త గాజులున్నాయి, నిండుగా వేయించారు. పక్కనే మొగుడు నిలబడి ఉన్నాడు. ఆ ఇంట్లో బతకాల్సిన మనిషి ఇంకేం చెబుతుంది? పెద్దమనుషులు సుక్కమ్మతో తప్పు ఒప్పుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. కొంగు నడుముకు చుట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

ఓట్లకు ముందే రెండు పక్కలవాళ్లూ రాజీ పడ్డారు. పదవులు పంచుకున్నారు. దొర ఇంట పెళ్లికి దాసు కథ పెట్టించారు. ఏ గడీ మీద పాటలు కట్టి జైలుకు పోయాడో ఆ గడీ ముందే పందిట్లో కూర్చుని పాడాడు. దొర కొడుకు లేచి ఆయన్ని కౌగిలించుకుంటే ఊరంతా ఉప్పొంగిపోయింది. సుక్కమ్మ గుడిసె ముందు మళ్లీ జీపు ఆగలేదు.

ఆమె కట్ట పనికే తిరిగి వచ్చింది. మేస్త్రీ పాత మనిషని పని ఇచ్చాడు గాని బారులో చివర నిలబడమన్నాడు. దాసు మేళంలో హాస్యం చెప్పేవాడు ఆమె మీద ఒక పాట కట్టాడు. సున్నం తట్ట దించి సింహాసనం ఎక్కబోయిన సుక్కి అని ఎగతాళి పాట. వినడానికి హుషారుగా ఉండేది. జాతరల్లో పాడారు, బస్సుల్లో పాడారు. చివరికి ఏటవాలు దారి మీద తట్టలు మోసే ఆడవాళ్లు కూడా అందుకున్నారు. వాళ్లలో ఆమెకు ఎర్రంచు చీర కొనిపెట్టినవాళ్లున్నారు. కొందరికి అది ఎవరి మీద పాటో కూడా తెలియదు. దాని నడక బాగుంది, బరువు తెలియనిచ్చేది కాదు. నెత్తిన తట్టతో సుక్కమ్మ వాళ్ల వెనకే ఎక్కేది. ఆమె అడుగు కూడా ఆ పాటకే పడేది.

కట్ట పూర్తయి కూలీలు చెదిరిపోయాక ఆమె ఎటూ పోలేదు. పోవడానికి ఇల్లు లేదు. నిండిన నీళ్ల ఒడ్డున జాలర్ల దగ్గర చేపలు కొని బస్సు ఆగే చోట అమ్ముకునేది. దాసు పెద్ద వయసులో, మంచం మీద, నలుగురి మధ్య కన్ను మూశాడు. ఆ రోజు దుకాణాలు మూశారు. రేడియోలో పొద్దంతా ఆయన పాటలే వచ్చాయి. వాటిలో చాలా పాటల్లో వంత సుక్కమ్మదే. బస్సు కోసం నిలబడ్డవాళ్లు కళ్లు తుడుచుకుంటూ విన్నారు. చేపలమ్మే ఆమెను ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు బిక్షమ్మ వచ్చింది. కట్ట చూడటానికి ఊరివాళ్లతో కలిసి వచ్చి, వాళ్లను ముందుకు పంపి వెనక ఉండిపోయింది. పక్కన ఆరేడేళ్ల ఆడపిల్ల. ఇద్దరూ చేపల గంప పక్కన చాలాసేపు కూర్చున్నారు. క్షమించమని బిక్షమ్మ అడగలేదు. సుక్కమ్మ ఆ మాట రానీయలేదు. పిల్ల నీళ్ల వైపు చూస్తూ లోలోపల ఏదో కూనిరాగం తీస్తోంది.

"దీనికి గొంతున్నది అక్కా" అంది బిక్షమ్మ మెల్లగా. "నేను పాడనియ్య. పాడితే నోటి మీద కొడ్త."

సుక్కమ్మ పిల్ల ముఖం చూసింది. కూనిరాగం ఆగిపోయింది. తల్లి మాట విని పిల్ల పెదాలు బిగించుకుంది.

"మంచి పని జేస్తున్నవ్" అంది సుక్కమ్మ.

బస్సు వచ్చింది. వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు. అమ్ముడుపోని చేపలు వాసన పట్టకముందే ఉప్పు వేయాలని ఆమె గంప ఎత్తుకుంది.