పదకొండో స్క్రూ

నా ల్యాప్‌టాప్ కొని తొమ్మిదేళ్ల రెండు నెలలు. ఆ సంగతి నేను చెప్పేలోపే దుకాణం యజమాని దాన్ని తిరగేసి, అడుగున ఉన్న చీటీ చూసి, గాజు బల్ల మీద పక్కకు తోసేశాడు.

“ఇది అయిపోనాది మావుసీ. కొత్తది తీసుకోండి.”

అయిపోయిందనడానికి అతను దాన్ని తెరిచి కూడా చూడలేదు. మావుసీ అంటే ఒరియాలో పిన్ని. బరంపురం దుకాణాల్లో జుట్టు నెరిసిన ఆడవాళ్లందరం మావుసీలమే, దానికి నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా ఆ తర్వాతి మాటకి.

“ఈ వయసులో మీకు ల్యాప్‌టాప్ ఏల? ఫోను సాలదా? భజనలు ఇనుకోవచ్చు.”

నాకు డెబ్బై మూడేళ్లు. భజనలు వినను. ముప్పై నాలుగేళ్లు తెలుగు మీడియం బళ్లలో లెక్కలు చెప్పాను. దిగపహండి అవతల ఒక పల్లెలో ఉన్న చిన్న తెలుగు బడి నేను ఆఖరున పనిచేసిన చోటు. అక్కడి ఏడో తరగతికి తెలుగులో లెక్కల అభ్యాస పుస్తకం లేదు. టీచరు దగ్గర ఒక పాత ప్రతి ఉంటే, ఆమె బోర్డు మీద రాస్తుంది, పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు. లెక్క చెయ్యడానికి పది నిమిషాలు, ఎక్కించుకోవడానికి ఇరవై. ఇది నేను గడియారం పెట్టి చూసిన సంగతి. అందుకని రెండు వందల పన్నెండు లెక్కలతో ఒక పుస్తకం నేనే తయారుచేసి, అచ్చు వేయించి, జూన్ నడుమ వచ్చే రజో పండగ దాటి బడి తెరిచేసరికి పిల్లల చేతిలో పెడతానని మాటిచ్చాను.

అచ్చు వేసేవాళ్లు జూన్ తొమ్మిదికల్లా ఫైలు కావాలన్నారు. నేను ఆ దుకాణంలో నిలబడింది మే ఇరవై రెండు, గురువారం. పద్ధెనిమిది రోజులున్నాయి. నూట నలభై ఎనిమిది లెక్కలు అయ్యాయి, అరవై నాలుగు మిగిలాయి. యంత్రం మాత్రం మొరాయించింది. ఒత్తు కొడితే అది తెర మీద పడేలోపు తర్వాత ఏ అక్షరం కొట్టాలో మరిచిపోయేదాన్ని. భిన్నం పెట్టిన ప్రతిచోటా బిగుసుకుపోయేది. ముందురోజు పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుంటే మూడే లెక్కలు పడ్డాయి. ఆ లెక్కన మిగిలినవాటికి ఇరవై రెండు రోజులు కావాలి. నా దగ్గర లేని ఆ నాలుగు రోజుల కోసమే అంకులిలోని మా ఇంటి నుంచి ఆటో కట్టించుకుని వచ్చాను.

కొత్తది కొనమని సలహా ఇవ్వడం సులువు. నా దానికి తెర బాగుంది, డబ్బా బాగుంది, మీటలు బాగున్నాయి. ఆ మీటల మీద తెలుగు అక్షరాలు నా చేత్తో రాసి అంటించుకున్నాను. నా వేళ్లకి వాటి చోటు తెలుసు. కొత్త మీటలు అలవాటు కావడానికి నెల పడుతుంది. పాడైంది ఒక్కటే, లోపలి మదర్‌బోర్డు. ల్యాప్‌టాప్‌లో లెక్క కట్టే చిప్పూ, తక్కినవన్నీ వచ్చి కలిసే చోట్లూ ఆ ఒక్క పలక మీదే ఉంటాయి. నా మోడల్‌లోనే ఇంకా వేగమైన చిప్పుతో వచ్చినవి ఉన్నాయనీ, వాటి బోర్డు నా డబ్బాలో అచ్చంగా పడుతుందనీ నేను చదువుకునే వచ్చాను. గోడలు గట్టిగా ఉన్న ఇంటిని దూలం పుచ్చిందని పడగొట్టుకుంటామా?

అది మూడో దుకాణం. మొదటి దుకాణంలో నా మాట వినకుండానే నవ్వారు. రెండో దానిలో నా సంచి మోసుకొచ్చిన ఆటో అతనితో, “మీ అమ్మగోరికి అర్తమయ్యేలా సెప్పండి,” అన్నారు. పాపం, ఆటో అతను నాకన్నా ఎక్కువ సిగ్గుపడ్డాడు. యంత్రం నాది, పుస్తకం నాది, డబ్బు నాది. నాకు అర్థమయ్యేలా చెప్పడానికి మధ్యలో ఒక మగవాడు ఎందుకో ఈ రోజుకీ నాకు అర్థం కాలేదు.

బోర్డు మార్చమని అడిగితే ఈ మూడో యజమాని కూడా, “బోర్డు మార్చడం అవదు మావుసీ,” అని తేల్చేస్తుండగా వెనక బల్ల దగ్గర నుంచి ఇంకో గొంతు వచ్చింది.

“అవుతాది.”

మరమ్మతులు చేసే మనిషి. నలభై ఏళ్లుంటాయి. నా ల్యాప్‌టాప్ వైపు ఒకసారి చూసి చెప్పాడు. “మొన్న ఆఫీసోళ్లు తెర పగిలిందని వదిలీసినది ఇదే మోడలు. బోర్డు బాగున్నాది. దీనికన్నా పై రకం.”

యజమానికి ఈ సాయం నచ్చలేదు. “సరే, ఇచ్చీసి ఎల్లండి. సోమారం రండి.”

“నేను కూర్చుంటాను.”

“నాలుగు గంటలు పడతాదండి.”

“నాలుగు గంటలు కూర్చుంటాను.”

ముందే కాగితం మీద రెండు షరతులు రాసి తెచ్చాను. ఒకటి, డిస్కులో ఉన్నది చెరపకూడదు. రెండు, పాత బోర్డు నాకు తిరిగి ఇవ్వాలి. యజమాని చదివి, “పాత బోర్డుతో ఏటి సేత్తారు మావుసీ, పకోడీ ఏత్తారా?” అన్నాడు. “నా వస్తువు, ఏమైనా వేసుకుంటాను,” అన్నాను. స్టూలు ఇచ్చారు. పదీ నలభైకి కూర్చున్నాను.

మరమ్మతు మనిషి ల్యాప్‌టాప్‌ను బోర్లా పెట్టి స్క్రూలు విప్పసాగాడు. నేను కాగితం మీద అడుగుభాగం బొమ్మ గీసి, ఒక్కో స్క్రూ ఎక్కడ నుంచి వచ్చిందో గుర్తు పెట్టుకున్నాను. మొత్తం పదకొండు. ఎనిమిది పొడుగు, మూడు పొట్టి. అతను ఓరగా చూశాడు.

“టీచరమ్మగోరా మీరు?”

“ఎలా తెలిసింది?”

“బొమ్మ కాగితానికి మార్జిన్ కొట్టేరు.”

మూత తీశాక ఫ్యాను దగ్గర బ్రష్షుతో దులిపాడు. దుమ్ముతోపాటు కుంకుమ రాలింది. దాని వెనక నాలుగు పసుపు అక్షింతలు. ఒక గింజ సరిగ్గా ఫ్యాను రెక్క కింద ఇరుక్కుని ఉంది.

“ఏ పూజండి ఇది? సరస్వతి పూజా, దసరా పూజా?”

“రెండూ,” అన్నాను. ఒరియా ఇరుగుపొరుగులతోపాటు మాఘమాసంలో ఒకసారి, మన పద్ధతిలో దసరాకి ఒకసారి. తెరిచిన మీటల మీదే చల్లాను. ఫ్యాను తిరగక లోపల వేడెక్కిపోయిందంటే అందులో నా చేయి ఉంది, ఒప్పుకుంటాను. యజమాని మాత్రం దీన్ని ముగ్గురు ఖాతాదారులకి ఒరియాలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు చెప్పి నవ్వించాడు.

పాత బోర్డు తీయడం, రెండో యంత్రం నుంచి బోర్డు విప్పడం, చిప్పు మీద కొత్త పేస్టు రాసి ఫ్యాను బిగించడం, దారాల్లాంటి తీగలు ఒక్కోటీ తిరిగి గుచ్చడం, అతని చేతులు తొందరపడకుండా పనిచేశాయి. అది చూసి నా కోపం సగం తగ్గింది. రెండున్నరకి మూత పెట్టి స్క్రూలు బిగించాడు. నేను లెక్కపెట్టాను.

“పది.”

“ఆఁ, మూల స్క్రూ ఎక్కడో పడిపోనాదండి. అది నేకపోయినా ఏటీ అవదు.”

యజమాని బల్ల అవతల నుంచే అందుకున్నాడు. “చొలిబొ మావుసీ, చొలిబొ!”

ఈ మాట గురించి నేను చెప్పి తీరాలి. చొలిబొ అంటే నడుస్తుంది, ఫరవాలేదు అని. ఒరియా మాటే గానీ మన తెలుగువాళ్లం దాన్ని సొంత ఆస్తిలా వాడుకుంటాం. బడి గోడకి సున్నం సగం వరకే వేశారా, చొలిబొ. నలభై మంది పిల్లలకి ఒక్కటే పుస్తకమా, చొలిబొ, బోర్డు మీద రాయండి. ముప్పై నాలుగేళ్లు ఈ మాట విన్నాను. నడుస్తుందని చెప్పేవాడు ఎప్పుడూ ఆ పని మీద నడవాల్సినవాడు కాడు.

“పదకొండు తీశారు, పదకొండు పెట్టండి,” అన్నాను.

“పది సాలవా మావుసీ?”

“నీ కొడుకు పరీక్షలో పదకొండు లెక్కలకి పది చేసి వస్తే చాలంటావా?”

“వాడు పది సేత్తే నేను ఊరంతా మిటాయి పంచుతాను!”

అందరూ నవ్వారు. నేను స్టూలు మీద నుంచి లేవలేదు. స్క్రూలు వేసుకున్న స్టీలు మూత చూశాం, బల్ల కింద చూశాం, చీపురుతో ఊడ్చాం. లేదు. చివరికి మరమ్మతు మనిషి నిట్టూర్చి, బిగించిన పదీ మళ్లీ విప్పాడు. లోపల స్పీకరు దగ్గర ఉంది. స్పీకరులో అయస్కాంతం ఉంటుందిగా, పొట్టి స్క్రూ దానికి అంటుకుని, కొత్త బోర్డు అంచుకి వెంట్రుకవాసి దూరంలో నిలబడి ఉంది. ఆటో కుదుపుకి అది బోర్డు మీదకు దొర్లితే, మీట నొక్కగానే బోర్డు కాలిపోయేది. నా అరవై నాలుగు లెక్కలూ దాంతోపాటే ఆగిపోయేవి.

అతను దాన్ని పట్టకారుతో తీసి, నా బొమ్మలో మూల గుర్తు చూసి, అక్కడ బిగించాడు. స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. తర్వాత, “నాదే తప్పు టీచరమ్మగోరు,” అన్నాడు. యజమాని ఫోను చూసుకుంటున్నాడు.

యంత్రం లేచింది. నా ఫైలు తెరవమన్నాను. రెప్పపాటులో తెరుచుకుంది. భిన్నం కొట్టాను, పడింది. ఒత్తు కొట్టాను, పడింది. ఆ క్షణాన నాకు దుకాణంలో ఎవరి మీదా కోపం లేదు.

మరమ్మతు మనిషి తెర వైపు వంగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. “గోపాల్‌పూర్‌లో ఒక పడవ ముప్పై ఆరు కిలోల చేప తెచ్చింది. అందులో మూడో వంతు ఎండబెట్టారు. ఎండాక బరువులో నాలుగో వంతు మిగిలింది. ఎండు చేప ఎంత?” చివరి పేజీకి వెళ్లి జవాబు చూశాడు. “నాలుగు అని ఉన్నాదండి. మూడు కదా అవుతాది?”

మనసులో కట్టి చూశాను. ముప్పై ఆరులో మూడో వంతు పన్నెండు. పన్నెండులో నాలుగో వంతు మూడు. మొదట పడవ తెచ్చింది నలభై ఎనిమిది కిలోలని రాశాను. మార్చిలో అంకె మార్చి, వెనక జవాబు మార్చలేదు.

“ఒక్క అంకే. ఇంటికెళ్లి దిద్దుకుంటాను,” అన్నాను.

“ఏటి మావుసీ,” అన్నాడు యజమాని, ఫోను కింద పెట్టి మరీ, “మీదైతే చొలిబొ, మాదైతే చొలిబొ కాదా?”

అక్కడే నాలుగు తీసి మూడు కొట్టాను. అతనన్న మాటలో ఎంత వెతికినా నాకు తప్పు దొరకలేదు.

మరమ్మతు మనిషి నవ్వలేదు. “మాది గోపాల్‌పూర్ అండి. మాయమ్మ ఎండుసేప అమ్మీది. ఇయ్యన్నీ నోటి లెక్కలే మాకు.”

“తెలుగు ఎక్కడ చదువుకున్నావు?”

“ఏడు దాకా తెలుగు బడే. తరవాత ఒరియాకి మారిపోనాను.”

“ఎందుకు?”

“పుస్తకం నేదు కదండి. మాస్టారు బోర్డు మీద రాసీవోరు. నేను ఎక్కించుకోడం నెమ్మది. నాది సగమయ్యీసరికి సెరిపీసీవోరు. మొద్దు అనీవోరు.”

ఆ రోజు నాకు వచ్చిన కోపాల్లో ఇది అన్నిటికన్నా పెద్దది. చూపించడానికి ఎదురుగా మనిషి లేని కోపం. నాకన్నా ముందు నోటితో లెక్క తేల్చిన మనిషిని, చెయ్యి నెమ్మదని మొద్దన్నారు. అలా నేను ఎన్ని బోర్డులు చెరిపి ఉంటాను? తేదీలన్నీ రాసుకునేదాన్ని, ఇది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

మర్నాడు అయిన లెక్కలన్నీ అచ్చు తీసి దుకాణానికి పట్టుకెళ్లి, చేసి పెడతావా అని అడిగాను. “జవాబులు లేకుండా ఇవ్వండి. ఉంటే కన్ను అటే పోతాది,” అన్నాడు. నేను రోజుకి ఐదు చొప్పున కొత్తవి కొట్టి పంపుతూ ఉంటే, అతను మధ్యాహ్నం భోజనం వేళ ఫోను చేసి తన జవాబులు చదివేవాడు. నేను నావాటితో సరిచూసుకునేదాన్ని. ఇంకో రెండు తప్పులు దొరికాయి, రెండూ నావే. ఒకరోజు జవాబు చెప్పకుండా అడ్డం తిరిగాడు.

“మే నెలలో మరపడవ ఏటకెల్లినట్టు రాసేరేటండి? సేపలు గుడ్లెట్టే కాలమని మేలో ఏట బందు కదా. పిల్లలు నవ్వుతారు.”

మే తీసి జనవరి చేశాను. దానికీ ముప్పై ఒక్క రోజులే కాబట్టి జవాబు కదలలేదు. అయినా కట్టి చూశాను.

ఫైలు జూన్ ఎనిమిదిన, గడువుకి ఒకరోజు ముందు ఇచ్చాను. బడి తెరిచిన రోజు పుస్తకాలు పల్లెకి చేరాయి. మరుసటి వారం ఒక ప్రతి తీసుకుని దుకాణానికి వెళ్లాను. మరమ్మతు మనిషి చేతులు తుడుచుకుని అందుకుని, ముందు చివరి పేజీలు తిప్పాడు.

“ఇయి కోసీయండి.”

“జవాబులా? నీకు తెలిసినవేగా అన్నీ.”

“నాకు కాదండి, మా పాపకి. ఏడుకొచ్చింది. ఒరియాలో సదువుతాది గానీ, రోజూ పనయ్యాక కూకోబెట్టి తెలుగులో సదివించి సేయిస్తాను. జవాబులు కనబడితే అది లెక్క సెయ్యదు.”

అతని బల్ల మీద బ్లేడు ఉంది. జవాబులు నాలుగు ఆకులు. స్కేలు అడిగి తీసుకుని, కుట్టు ఊడకుండా ఒక్కోటీ కోశాను.