మూడో పాట తర్వాత రెండు సెకన్లు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నవ్వే. మంచిర్యాలలో పెళ్లిళ్లకు సౌండ్ సిస్టమ్ పెట్టి బతికేవాణ్ని. వింత చప్పుడు వస్తే వైరు చూస్తాను, దండం పెట్టను.

నా చిన్నప్పుడు బాపు, అంటే మా నాన్న, దుబాయ్‌లో పనిచేసేవాడు. చెప్పాలనుకున్నవన్నీ క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్లతో పంపేవాడు. విన్నాక దాని మీదే నేనూ, అవ్వ అని పిలిచే మా అమ్మా మాట్లాడి తిరిగి పంపేవాళ్లం. పాత మాటలు చెరిగిపోతాయన్న బాధ ఎవరికీ ఉండేది కాదు, కొత్తవి వస్తాయిగా.

చివరిసారి క్యాసెట్‌తో పాటు ఒక సీడీ, సీడీలు కూడా మోగే టేప్‌రికార్డరూ పంపాడు. రిథమ్ అండ్ బ్లూస్ అట. అమెరికా నల్లవాళ్ల పాత పాటలను వేరే బ్యాండ్ మళ్లీ పాడింది. డిజిటల్ రికార్డింగ్ అని అట్ట మీద గొప్పగా రాసి ఉంది, అప్పటికది కొత్త. దోస్తులకు వినిపిద్దామని ఆ పాటలను బాపు క్యాసెట్ మీదే ఎక్కించాను.

వారం తిరక్కుండా బాపు అక్కడే గుండెపోటుతో పోయాడు. ఆయన గొంతు ఇంట్లో ఇంకెక్కడా లేదు. అవ్వ ఆ క్యాసెట్‌ను బట్టలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం పూట కొత్త స్పీకర్లు పరీక్షిస్తూ ఆ సీడీ వేశాను. మూడో పాట అయిపోయింది. ఒక దగ్గు. తర్వాత బాపు గొంతు: "లచ్చవ్వా, తిన్నవా?"

వంటింట్లోంచి అవ్వ మామూలుగా జవాబిచ్చింది. "తిన్న. నువ్వు తిన్నవా?"

అంతలో నాలుగో పాట మొదలైంది. అవ్వ తడి చేతులతో బయటికొచ్చింది.

"ఎందుకు ఆపినవ్ రా?"

నేను దేన్నీ ముట్టుకోలేదు. ఫోన్ చేతిలోనే ఉంది, రికార్డు చేయాలన్న బుద్ధి పుట్టలేదు. థూ, నా బతుకు.

క్యాసెట్ అయితే పాత గొంతు అడుగున మిగిలిందనుకోవచ్చు. ఇది కంపెనీలో తయారైన సీడీ, దాని మీద ఎవరూ ఏదీ ఎక్కించలేరు. కంప్యూటర్‌లో పెట్టి చూశాను. రెండు పాటల మధ్య రెండు సెకన్లు, శబ్దం గీత చదునుగా ఉంది, అంతా ఖాళీ. కరీంనగర్‌లో స్టూడియో నడిపే దోస్తు కూడా ఏమీ లేదన్నాడు. ఏదో రేడియో స్టేషన్ స్పీకర్‌లో తగులుకుందేమో అన్నాడు. రేడియోకు మా అవ్వ పేరెట్లా తెలుస్తుంది? ఎన్ని వందలసార్లు వేశానో, ఒక్కసారన్నా మళ్లీ రాలేదు. ఒకరోజు కోపంతో రిమోట్ గోడకేసి కొట్టాను.

అవ్వకు ఏ పరేషానీ లేదు. రోజూ అన్నం తిన్నాక ఆ సీడీ వేయమంటుంది. వేస్తాను. మూడో పాట అయిపోగానే "తిన్న" అంటుంది.

నేను స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చుంటాను. నాకేమీ వినిపించదు.