కోటిబాబు తల, ప్రచండ స్టార్ కండువా

నందివెలుగు కోటిబాబుకు దేవుడు వేరొకరి ముఖం ఇచ్చాడు. ముక్కు, గడ్డం, నవ్వితే ఎడమ బుగ్గ మీద పడే గుంట, అన్నీ ప్రచండ స్టార్ అనే సినిమా హీరోవి. హీరో హైదరాబాదులో ఉంటాడు, కోటిబాబు తెనాలి పక్కన నందివెలుగులో ఉంటాడు. ఈ దూరాన్ని మినహాయిస్తే ఇద్దరికీ ఒక్కటే తేడా. హీరోకి నెత్తినిండా జుట్టుంది. కోటిబాబు జుట్టు పెళ్ళినాటికే సెలవు మీద వెళ్ళి, తర్వాత ఏకంగా రాజీనామా చేసింది.

ఆ లోటును తెనాలిలో నాటకాలవాళ్ళకు మేకప్ వేసే సుందరయ్య తీర్చాడు. విగ్గు కుట్టి, తలకు పెట్టి, అద్దం చూపించి, ఆపైన గంభీరంగా ధర్మబోధ చేశాడు.

"కిరాయికి పిలిచినవాడికి బోడితల చూపించమాక. ఆడి లెక్కలో నువ్వు పుట్టుకతోనే హీరోవి. ఇంకోటి. జుట్టు నెత్తిన ఉన్నంతసేపూ నువ్వు ఆ హీరోవి, తీశాక నువ్వు నువ్వే. ఇద్దర్నీ ఒకే పీట మీద కూర్చోబెట్టావా, చెడిపోతావు."

కోటిబాబు దీన్ని శాసనంగా స్వీకరించాడు. గేటు చప్పుడైతే చాలు, 'వస్తున్నానండీ' అనే మాటకంటే ముందు విగ్గు తలకెక్కేది. బోడితల సంగతి ఊళ్ళో అందరికీ తెలిసినా, తమ ఊరి హీరో పరువు తమ పరువే గనక ఎవరూ బయటకు పొక్కనివ్వలేదు. రాజ్యరహస్యాలకు ఈ మాత్రం కాపలా ఉంటే దేశం ఇంకోలా ఉండేది.

రేపల్లెలో బట్టలకొట్టు ప్రారంభం, అమృతలూరులో పెళ్ళి ఊరేగింపు, అభిమానుల పుట్టినరోజు పండగలు, ఇలా బతుకు సాగుతుండగా ప్రచండ స్టార్ ఒక రాజకీయ పార్టీకి మద్దతు ప్రకటించాడు. కోటిబాబు దశ తిరిగింది. అసలు హీరో బాపట్లలో ఒక పూట కారు టాపులోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. మిగతా ఊళ్ళన్నిటికీ చెయ్యి ఊపే బాధ్యత కోటిబాబుది. కాకుమానులో జనానికి అతను డూపని తెలియక కాదు. "డూపైతే ఏంటండి, మనకోసం ఎండలో నిలబడ్డాడు. అసలాయన ఏసీలోంచి దిగలా" అని అతనితోనే ఫొటోలు దిగేవాళ్ళు.

ప్రచారం ముగిసినప్పుడల్లా మిగిలిన కండువాలు ఇంటికొచ్చేవి. కోటిబాబు భార్య స్వర్ణలత వాటిని పొయ్యి మీద గిన్నెలు దించే మసిగుడ్డలుగా వాడేది. డెల్టాలో ఏ పార్టీ కండువాకైనా చివరి మజిలీ వంటగదే.

ఈసారి మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడుతుండగా ఒక వీడియో బయటపడింది. ఫాంహౌసులో ఈతకొలను. ప్రచండ స్టార్ గ్లాసుతో సహా నీళ్ళలోకి దూకాడు, మునిగాడు, లేచాడు. పక్కన భార్య కాని ఒక అమ్మాయి చప్పట్లు కొట్టింది. హీరో గట్టెక్కి, కోడికాలు తిని, అందుబాటులో ఉన్న గుడ్డతో మూతి తుడుచుకున్నాడు.

టీవీలు మొదట గ్లాసు చుట్టూ ఎర్రగీత గీశాయి. తర్వాత అమ్మాయి చుట్టూ గీశాయి. రెండూ వ్యక్తిగత విషయాలని పార్టీ సునాయాసంగా తేల్చేసింది. అంతలో ఎవరో నిశితదృష్టి గల మహానుభావుడు ఆ గుడ్డను పోల్చుకున్నాడు. అది పార్టీ కండువా. దాంతో ప్రజాస్వామ్యం ప్రమాదంలో పడింది.

కండువా గౌరవం మీద రిటైరైన అధికారులు చర్చల్లో కూర్చున్నారు. రేపల్లెలో ప్రతిపక్షం వాళ్ళు తమ కండువాకు పాలాభిషేకం చేసి, ఇది పవిత్రంగానే ఉందని లోకానికి చాటారు. తెనాలిలో పార్టీ కార్యకర్త కండువాతో టీకొట్టు దగ్గరకు వెళ్తే, "ఏంటి బావా, మూతి తుడుచుకోడానికా?" అని అడిగేవాళ్ళు. నీళ్ళ కుళాయిల గురించి ఎవరూ అడగడం లేదు గనక అభ్యర్థులకు ఒక విధంగా సుఖంగానే ఉంది. కానీ ఓట్లు జారుతున్నాయి.

అప్పుడు నందివెలుగులో గేటు చప్పుడైంది. విగ్గు తలకెక్కింది. వచ్చినవాడు కరుణాకర్. బాపట్ల, రేపల్లె వైపు పార్టీ వ్యవహారాలు చూసే నాయకుడు.

"కోటిబాబూ, పార్టీకి నీ అవసరం పడింది."

"ఎక్కడండి, రేపల్లేనా?"

"ప్రచారం కాదయ్యా. ఆ వీడియోలో ఉన్నది నువ్వు."

కోటిబాబు వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని చూశాడు. "నేను కాదండి."

"కాదని నాకు తెలీదా? నువ్వేనని బాపట్లలో విలేఖర్ల ముందు చెప్పాలి. హీరోగారి పేరు పాడుచేసే కుట్ర, నన్ను వాడుకున్నారు, తప్పయిపోయిందని ఓ దణ్ణం పెట్టు. నిన్ను కళాకారుల బోర్డులో మెంబర్ని చేస్తాం. కారుకు స్టిక్కరు కూడా ఇస్తారు."

"నాకు కారు లేదండి."

"స్టిక్కరుంటే కారు అదే వస్తుంది."

స్వర్ణలత పొగలు కక్కే కాఫీగిన్నెతో వచ్చింది. గిన్నె చుట్టూ ఉన్న కండువా మీద పార్టీ గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది. కరుణాకర్ కళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

"అమ్మా, అది..."

"మసిగుడ్డ, అన్నయ్యగారూ. మీరిచ్చిందే. మంచి నూలు, చేతికి వేడే తెలీదు."

కరుణాకర్ కళ్ళు మూసుకుని కాఫీ అందుకున్నాడు. మూతి తుడుచుకోలేదు.

"లోపల్నించి అంతా విన్నానండి," అంది స్వర్ణలత. "ఈయనే అని ఈయనే చెబితే, ఆ పిల్లెవరని నేనడగాలిగా?"

"అంతా ఉత్తుత్తిదేనమ్మా!"

"మీకూ నాకూ తెలుసు. రేపు పాలకేంద్రం దగ్గర క్యాన్లతో నిలబడ్డవాళ్ళలో నేనెంతమందికని చెప్పుకోను?"

కరుణాకర్ కాఫీ కింద పెట్టాడు. లేస్తూ కోటిబాబుతో చల్లగా అన్నాడు. "కాదంటే మాత్రం ఈ చుట్టుపక్కల ఏ మీటింగుకీ నిన్నెవరూ పిలవరు. ఆలోచించుకో."

కోటిబాబు విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ హీరోకు పడాల్సిన దండలు మోశాడు, హీరో కార్చాల్సిన చెమట కార్చాడు. ఇప్పుడు హీరో సిగ్గు కూడా తన ఖాతాలో వేసుకుంటే బోర్డు మెంబరు. వేసుకోకపోతే పని పోతుంది. వేసుకుంటే పేరు పోతుంది. కాస్తో కూస్తో తనదంటూ మిగిలినది ఆ పేరొక్కటే. ముఖం ఎలాగూ హీరోది.

భార్య ఫోను తీసుకుని ఆ వీడియో మళ్ళీ చూశాడు. దూకడం, మునగడం, లేవడం. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఏంటి, పిచ్చా? ఆ పిల్లని చూసి నవ్వుతున్నారా?"

"పిల్లని ఎవరు చూశారే! నే బాపట్ల పోయేరోజు తలకి కాస్త కొబ్బరినూనె రాసిపెట్టు."

"ఏ తలకి?"

"నా తలకే."

వస్తున్నానని కరుణాకర్‌కు ముందే చెప్పి, ఆ రోజు కోటిబాబు మీసం కూడా గీయించుకుని, విగ్గును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, తెనాలిలో రైలెక్కాడు. దారిలో ఎవరూ సెల్ఫీ అడగలేదు. పల్లీలమ్మే ఆయన "జరుగు తాతా" అన్నాడు. ఆ మాట అతనికి సన్మానపత్రంలా వినిపించింది.

బాపట్ల పార్టీ ఆఫీసులో బల్ల మీద మైకులు గుత్తులుగా ఉన్నాయి. కోటిబాబు వెళ్ళి బల్ల పక్కన నిలబడ్డాడు.

"బాబాయ్, ఫ్రేములో పడుతున్నావు, కాస్త పక్కకి," అన్నాడు కెమెరామన్. "కోటిబాబు రావాలక్కడ."

"ఎప్పుడొస్తాడు బాబూ?"

"హీరో డూపు గదా, హీరోలాగే లేటు."

కోటిబాబు వినయంగా జరిగాడు. కరుణాకర్ అతని ముందునుంచే కంగారుగా అటూ ఇటూ తిరిగి, చివరికి ఫోన్ చేశాడు. ఫోను పక్కనున్న బోడితల ముసలాయన జేబులో మోగింది.

"ఇక్కడే ఉన్నానండి."

కరుణాకర్ ముఖంలో రక్తం లేదు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. ముందు వరసలో కూర్చున్న లిఖిత అనే టీవీ రిపోర్టరు తేరుకుని, "మీరెవరండీ?" అంది.

"కోటిబాబునండి. మాది నందివెలుగు." కవర్లోంచి విగ్గు తీసి పెట్టుకున్నాడు. మీసం లేకపోయినా ప్రచండ స్టార్ నిలబడ్డాడు. తీశాడు. పల్లీలాయన చూసిన తాత నిలబడ్డాడు. "ఇన్నేళ్ళు ఇది దాచుకుని బతికానండి. ఇవాళ చూపించక తప్పలేదు. ఆ వీడియోలో మనిషి నీళ్ళలో దూకి మునిగాడు. లేచాడు. జుట్టు నెత్తినే ఉంది. అది నేనైతే, నేనొక పక్కా ఇదొక పక్కా తేలేవాళ్ళం."

"గట్టిగా అంటించుకుని ఉంటాడు!" కరుణాకర్ అరిచాడు. ఆ వీడియో కోటిబాబుదేనని పార్టీ తరఫున వినిపించిన చివరి మాట అదే.

"అయితే బకెట్టు తెప్పించండి."

తెప్పించారు. వెంట తెచ్చిన జిగురు గట్టిగా అద్ది, విగ్గు మళ్ళీ నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా కోటిబాబు తల ముంచాడు. అతను లేచాడు. జుట్టు లేవలేదు. అన్ని ఛానళ్ళూ ప్రత్యక్ష ప్రసారంలో బకెట్టును దగ్గరగా చూపించాయి. భారత రాజకీయాల్లో ఒక బకెట్టుకు అంత గౌరవం దక్కడం అదే మొదలని చెప్పవచ్చు.

సాయంత్రానికి కండువా సంగతి అందరూ మరిచిపోయారు. టీవీల ముందు కొత్త ప్రశ్న నిలిచింది. మునిగినా చెదరని హీరోగారి జుట్టు అసలుదేనా? గ్లాసుకు, అమ్మాయికి, కండువాకు ఒక్క ముక్క సంజాయిషీ ఇవ్వని ప్రచండ స్టార్ ఈ ప్రశ్న వినగానే ఇంట్లోంచి పరుగున వచ్చాడు. విలేఖరులతోనే జుట్టు లాగించుకున్నాడు. నిజం గెలిచిందని అభిమానులు బాణాసంచా కాల్చారు. పార్టీ చాలా వార్డులు గెలిచింది. చర్చను జుట్టు మీదికి మళ్ళించిన మేధావి కరుణాకరేనని పైవాళ్ళు మెచ్చుకున్నారు. కరుణాకర్ కాదనలేదు. కొన్నాళ్ళకు తనూ నమ్మాడు.

పని పోతుందనుకున్న కోటిబాబుకు పని పెరిగింది. రేపల్లెలో పెద్ద కొట్టు ప్రారంభానికి ఫ్లెక్సీ మీద 'శ్రీ కోటిబాబు గారు' అని వేశారు. కింద బ్రాకెట్లో ఏ హీరో పేరూ లేదు. అతను విగ్గు పెట్టుకుంటే జనం ఈల వేశారు. తీస్తే అంతకంటే గట్టిగా వేశారు. పాలకేంద్రం దగ్గర స్వర్ణలతకు వరసలో ముందు చోటిచ్చి, బకెట్టు కథ మళ్ళీ చెప్పించుకున్నారు. సుందరయ్య మాత్రం మొదటి ఆజ్ఞ తప్పినందుకు తిట్టి, రెండోది నిలబెట్టినందుకు కొత్త విగ్గు కుట్టి ఇచ్చాడు.

మొన్న మళ్ళీ గేటు చప్పుడైంది. కోటిబాబు బోడితలతోనే వెళ్ళి తీశాడు. కరుణాకర్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. వచ్చే ఎన్నికల ప్రచారానికి ఇప్పుడే మాట తీసుకుందామని వచ్చాడట. చేతిలో కండువాల కట్ట.

"ప్రచారానికైతే వస్తానండి," అన్నాడు కోటిబాబు. "విగ్గు పెట్టుకుని చెయ్యి ఊపుతాను. నోరు మాత్రం నాది."

స్వర్ణలత కట్టలోంచి ఒక కండువా లాగి, రెండువేళ్ళ మధ్య నలిపి చూసి, తిరిగి కరుణాకర్ చేతిలోనే పెట్టింది.

"ఈసారి పాలిస్టరు కలిపారన్నయ్యగారూ. గిన్నె దించడానికి పనికిరాదు."