కెల్లీ సారు గోడ మీది పటం

ఆ రోజుల్లో ఇంటిపేరంటే నాకు రేషన్ కార్డులో అసలు పేరుకు ముందుండే ఒక మాట, అంతే. బడిలో హాజరు పిలిచినప్పుడు వినడం, పాస్‌పోర్టు ఫారంలో గడి నింపడం తప్ప దానితో నాకు పని పడలేదు. మనిషి తన ఇంటిపేరు గురించి ఎంత తక్కువ తెలుసుకుంటే అంత సుఖంగా ఉంటాడని ఇప్పుడు నా గట్టి నమ్మకం. ఈ నమ్మకం నాకు ఇరవై నాలుగో ఏట కలిగింది, అదీ సౌదీలో, ఒక ఐర్లండు దొర ఇంటి ఏసీ బాగుచేయబోయి. (మా ఇంటిపేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఆ ఇంటిపేరున్న వాళ్లందరూ వరుస కలుపుకుని ఫోన్లు చేస్తారు. ఇప్పటికే ఉన్న చుట్టాలు చాలు.)

మాది జగిత్యాల దగ్గర ఊరు. బురైదా దాటి ఖర్జూర తోటల మధ్య నుంచి లోపలికి పోతే ఒక పెద్ద ఆవుల ఫారం ఉండేది, అందులో నేను ఏసీ మెకానిక్‌ని. ఆవుల షెడ్లలో గాలి పంకాలు, నీటి తుంపరలు, ఆఫీసర్ల విల్లాల్లో ఏసీలు నా చేతి కింద నడిచేవి. ఆవులు నడి ఎండాకాలంలో కూడా చల్లగా నెమరేసుకునేవి. మా గదిలో ఎనిమిది మందికి ఒకటే ఏసీ, అది తరచూ మొరాయించేది, దాన్ని బాగుచేయాల్సింది నేనే కాబట్టి ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలిసేది కాదు. అయినా రోజులు హాయిగానే గడుస్తున్నాయి, ఎందుకంటే జేబులో ఫోనుంది, ఫోన్లో ఆమె ఉంది.

ఆమెను మొదటి సెలవులో దోస్తు పెళ్లిలో చూశాను. బంతిలో నేను వడ్డిస్తున్నాను. ఆమె ఆకులో రెండు గరిటెల అన్నం వేస్తే, "గింత అన్నం ఎవలు తింటరు, పొలం దున్నవోతున్ననా నేను?" అంది. నేను సగం తీసి పక్కన కూర్చున్న ముసలాయన ఆకులో వేశాను. ఎంగిలాకులో అన్నం తీసి ఇంకొకరికి వేసినందుకు ఆ ముసలాయన తిట్టిన తిట్లకు ఆమె అరగంట నవ్వింది. అక్కడ మొదలై ఎనిమిది నెలలు ఫోన్లో మాట్లాడుకున్నాం. ఏ కూర ఇష్టం, ఏ రంగు ఇష్టం, పిల్లల్ని ఏ మీడియంలో వేయాలి, అన్నీ అయ్యాయి. ఇంటిపేరు అడగాలని ఇద్దరికీ తోచలేదు.

సంబంధం మాట పెద్దల దాకా పోయాక బాపు ఫోన్ చేశాడు. "పిల్ల మంచిగనే ఉన్నదిరా. ఇల్లు మంచిదే. గని ఇంటిపేరు మనదే."

"అయితే ఏమాయె? పెండ్లయినంక మార్చుకునే పని తప్పె" అన్నాను నేను, తెలివిగా.

అటువైపు ఫోను బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు చేతిలోకి పోయింది. మా ఇంట్లో ఏ మాటైనా ఆయన దగ్గర ఆగాల్సిందే. "ఇంటిపేరు ఒక్కటైతే పాలోళ్లురా. వాళ్లింట్ల చావయితే మనకు ముట్టు. ఆ పిల్ల నీకు చెల్లె వరుస అయితది. ఫోన్ల ఏమేం మాట్లాడినవో నాకు తెల్వది గని, ఇగ బందు చెయ్యి" అన్నాడు.

నాకు కాళ్ల కింద ఇసుక కదిలినట్టయింది. (అక్కడ ఉన్నదే ఇసుక, అయినా కదిలింది.) పాలోళ్లంటే ఒకే తాత సంతానం, ఒకరి చావుకు ఒకరు స్నానం చేయాల్సినవాళ్లు. కానీ వాళ్లది గోదావరి అవతల నిర్మల్ వైపు. వాళ్ల చావుకు మేం గానీ, మా చావుకు వాళ్లు గానీ ఎన్నడూ స్నానం చేయలేదు. ఆ మాటే అంటే పెద్దబాపు కొంచెం మెత్తబడ్డాడు. "వేరేవాళ్లు అని నిరూపించు, నేనే దగ్గరుండి చేస్త. పిల్ల నాయిన నెలరోజులు ఆగుతడట, ఆ తర్వాత వేరే సంబంధం చూసుకుంటరట" అన్నాడు. ఏసీ కంప్రెసర్ కాలిపోయిందని నిరూపించమంటే నిరూపించగలను. ఏడు సముద్రాల ఇవతల కూర్చుని ఇంటిపేరు సంగతి ఎట్లా నిరూపించాలి?

అట్లాంటి స్థితిలో కెల్లీ సారు ఏసీ చెడిపోయింది. ఆయన ఆవుల డాక్టరు, యాభై దాటిన మనిషి, ఎండలో పది నిమిషాలుంటే టమాటాలా అయ్యేవాడు. ఆయన హాల్లో గోడ మీద ఐర్లండు పటం, దాని నిండా రంగురంగుల గుండుసూదులు. అవి పాల సెంటర్లనుకున్నాను. కాదట, ఏ ఊళ్లో ఎన్ని కెల్లీ కుటుంబాలు ఉండేవో ఆయన పదకొండేళ్లుగా వెతికి గుచ్చిన సూదులట. ఈ ముక్క నాకు చెప్పింది ఆయన బండి నడిపే చిచ్చా. చిచ్చాది హైదరాబాదు పాతబస్తీ, సౌదీకి వచ్చి ఇరవై ఏళ్లు. ఐదు భాషలు వచ్చు, ఏ భాషలోనూ ఎదుటివాడు చెప్పినంతే చెప్పడు, తనది కొంత కలుపుతాడు.

నేను స్టూలు మీది నుంచే అడిగించాను. "ఇన్ని సూదులున్నయి గదా, వీళ్లందరు సారుకు పాలోళ్లేనా?"

కెల్లీ సారు నన్ను స్టూలు దించి, కుర్చీలో కూర్చోబెట్టి, స్వయంగా చాయ్ చేసి ఇచ్చాడు. పదకొండేళ్లలో ఆ పటం గురించి ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషిని నేనేనట. తర్వాత గంటసేపు చెప్పాడు. వెయ్యేళ్ల కింద వాళ్ల దేశంలో కెల్లాక్ అనే పేరు మామూలుగా పెట్టుకునేవారట. పడమట గాల్వే వైపు ఒక కెల్లాక్, తూర్పున విక్లో కొండల్లో ఒకడు, ఉత్తరాన డెర్రీలో ఒకడు, మధ్యలో మీత్‌లో మరొకడు. ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కాదు. ఎవరి మనుమలు వాళ్లు 'మేం కెల్లాక్ మనుమలం' అని చెప్పుకున్నారు, అదే ఇంటిపేరయింది. ముందు 'ఓ' అని ఉండేదట, 'ఓ' అంటే మనుమడట. ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో చాలామందికి ఆ మనుమడు ఊడిపోయాడు. ఆలుగడ్డ పంట కుళ్లి కరువొస్తే ఓడలెక్కి అమెరికా పోయారు, ఆస్ట్రేలియా పోయారు, అక్కడ అన్ని రకాల కెల్లీలూ ఒకటే కుప్ప అయ్యారు.

చిచ్చా దీన్నంతా రెండు ముక్కల్లో తేల్చాడు. "మనకు ఊరికో మల్లయ్య ఉంటడు గదా బేటా. ఊరూరి మల్లయ్య మనుమలు మల్లయ్య మనుమలే. అంతమాత్రాన పాలోళ్లు అయిపోతరా?"

నా నెత్తి మీద పాలు పోసినట్టయింది. అంటే మా ఇంటిపేరు ఒక్కటి కాదు, రెండు. గోదావరికి ఇవతల ఒకటి, అవతల ఒకటి, మాట మాత్రం ఒకటే. ఇంతకూ కెల్లాక్ అంటే అర్థమేమిటని అడిగాను, వినయం కొద్దీ. యుద్ధం అని కొందరంటారట, మెరిసే తల అని కొందరు, గుడికి ఎక్కువగా పోయేవాడని ఇంకొందరు. మూడింటిలో ఏదని అడిగితే తనకూ తెలియదన్నాడు. అర్థం తెలియని పేరుకు ఇన్ని సూదులెందుకో నాకు అర్థం కాలేదు, కానీ నా పని అర్థాలతో కాదు. అన్నిటికంటే పెద్ద సంగతి ఆయన చివర్లో చెప్పాడు. ఆయన భార్య కూడా పుట్టింటి కెల్లీయే. ఆయనది గాల్వే, ఆమెది విక్లో. పెళ్లయి ముప్పై ఏళ్లు, ముగ్గురు పిల్లలు. ఇంతకన్నా మంచి సాక్షి నాకెక్కడ దొరుకుతాడు?

రెండు వారాలు ఆయన వెంటపడి ఒప్పించాను. శుక్రవారం పొద్దున పదింటికి, మా ఊళ్లో పన్నెండున్నరకు, వీడియో కాల్. చిచ్చా జుమ్మా నమాజుకు స్నానం చేసి, తెల్లబట్టలు కట్టి, అత్తరు పూసుకుని వచ్చాడు. ఫోన్లో పెద్దబాపు నుదురూ పైన తిరిగే ఫ్యానూ మాత్రమే కనబడుతున్నాయి. ఆయన వెనక బాపు, ఇంకో నలుగురు కులపెద్దలు ఉన్నారని దగ్గులను బట్టి తెలిసింది.

"రాం రాం సారు. మీది ఏ గోత్రం?" అన్నాడు పెద్దబాపు.

చిచ్చా దాన్ని ఏ విధంగా చెప్పాడో గానీ, కెల్లీ సారు పటం దగ్గరికి పోయి గాల్వే మీద వేలు పెట్టాడు. ఆ వేలు చూసి మా కులపెద్దలు తృప్తిగా దగ్గారు. మల్లయ్యల ముక్క చెప్పాక ఒకాయన "నిజమే గదా" అన్నాడు కూడా. నాకు పెళ్లి పందిరి కనబడుతోంది. అప్పుడు పెద్దబాపు ఒకే ఒక మాట అడిగాడు. "మరి సారు, సారు భార్య, ఇద్దరు వేరే వేరే అని ఎట్ల తెల్సుకున్నరు?"

కెల్లీ సారు ముఖం వెలిగిపోయింది. ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి పెద్దగా నవ్వాడు. నాకు 'నిన్న', 'మెయిల్', 'ఒకే కుటుంబం' అన్న ముక్కలు తెలిశాయి. చిచ్చా ఫోనుకు చేయి అడ్డం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "బేటా, సారు ముప్పై ఏండ్లు వేరే అనుకున్నడట. నిన్ననే వాళ్ల చర్చి దఫ్తర్ల దొరికిందట. బీవీ వాళ్ల ముత్తాత తాత గాల్వే నుంచే విక్లోకు పనికి పోయిండట. ఇద్దరూ ఒక్క ఖాన్‌దానట. గిది చెప్పాల్నా?"

"వద్దు చిచ్చా. పిల్లలు ముగ్గురు మంచిగున్నరు అని చెప్పు, చాలు."

చిచ్చా గడియారం చూశాడు. "ఇంకో గంటకు జుమ్మా. గుస్ల్ చేసి వచ్చిన. ఈ నోటితోని ఝూట్ చెప్పి, పోయి వరుసల నిలబడి ఏమని దువా చెయ్యాలె?" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఒక్క మాటా ఉన్నదున్నట్టు చెప్పని మనిషి ఆ రోజు ఒక్క అక్షరం కలపకుండా, తీయకుండా, పూసగుచ్చినట్టు చెప్పేశాడు. ఆ మనిషిని పట్టుకుని ఏడవాలనిపించింది నాకు.

ఫోన్లో ఫ్యాన్ పోయి మొదటిసారి ముఖం మొత్తం వచ్చింది. తర్వాత పెద్దబాపు, "పాపం. మరి ఇప్పుడేం జేస్తరట?" అని అడిగాడు. ఏం చేస్తాం, ఇద్దరం కలిసి ఒకే తాత సమాధికి పూలు తీసుకుపోతాం అన్నాడు కెల్లీ సారు. దానికి పెద్దబాపు కోప్పడలేదు. ఎట్లా దొరికిందో చెప్పమన్నాడు. పేరు అడిగితే ఏదీ తేలదు, ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో అడగాలి, పాత మనుషుల్నీ పాత కాగితాల్నీ వెతకాలి, అన్నాడు కెల్లీ సారు. పెద్దబాపు ఆ ముక్క చిచ్చాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. వెనక ఎవరితోనో, "రాసుకోరా" అన్నాడు.

అప్పటిదాకా మా పెద్దబాపుకు ఉన్నది అనుమానమే. నేను ఏరికోరి ఒక ఐర్లండు దొరను తెచ్చి, అనుమానాన్ని ఎట్లా తీర్చుకోవాలో ఆయనకు నేర్పించాను. మర్నాడే ఆయన బస్సెక్కి గోదావరి దాటాడు. రోజుకో ఊరి నుంచి వాట్సాప్‌లో గొంతు పంపేవాడు. ఆ గొంతులో ఎన్నడూ లేని హుషారు. మా కులానికి వంశం చెప్పే ఒక ముసలాయన కోరుట్ల అవతల ఇంకా బతికే ఉన్నాడట. నాలుగో రోజు మళ్లీ ఏరు ఇవతలికి వచ్చి ఆయన్ను పట్టుకున్నాడు. ఆయన కళ్లు మూసుకుని తాతముత్తాతల పేర్లు పాడుతూ ఏడో తరం దగ్గర ఆగాడట. ఇద్దరు అన్నదమ్ములు. ఎద్దు దగ్గర మాటామాటా పెరిగి చిన్నవాడు ఏరు దాటి పోయాడు. పోయిన ఊరు ఆమె వాళ్ల ఊరే.

నేను మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. సంగతి విన్న కెల్లీ సారు నా చేయి పట్టుకుని ఊపి ఊపి అభినందనలు చెప్పాడు. ఆయనకు పదకొండేళ్లు పట్టింది, నాకు నెల కూడా పట్టలేదట. ఎంత అదృష్టవంతుణ్ణోనట. కేకు ముక్క పెట్టాడు. అది తింటూ నేను ఏడుస్తున్నానో, నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. ఇక్కడి ఎండల గురించి, అక్కడి వానల గురించి మాట్లాడుకున్నాం. చివరకు ఆమే, "తిన్నవా అన్నా?" అంది. ఆ రెండో మాట ఎంత కష్టపడి అన్నదో నాకు వినబడింది. తిన్నానని చెప్పాను.

తర్వాత ఎవరి పెళ్లిళ్లు వాళ్లకయ్యాయి. కథ అక్కడితో ఆగితే బాగుండేది, కానీ మా పెద్దబాపు దొరికిన పాలోళ్లను వదిలే రకం కాదు. ఆమెకు తోడబుట్టినవాళ్లు లేరు. కాబట్టి ఆ ఇంటి ఆడబిడ్డకు పుట్టింటి తరఫున నిలబడే అన్నను నేనేనని ఆయన తీర్మానించాడు. నిరుడు నేను సెలవులో ఉండగా నిర్మల్‌లో ఆమె కొత్తింటి గృహప్రవేశం అయింది. నేనూ నా భార్యా పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి, చీర పట్టుకుని ఒడిబియ్యం పోయడానికి పోయాం. నా భార్య ఆమె కొంగులో దోసిళ్లతో బియ్యం పోస్తుంటే నేను పక్కన అన్నలా నిలబడ్డాను. అన్నలా నిలబడడం ఎట్లాగో పదేళ్లయినా నాకు సరిగా తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

భోజనాల దగ్గర ఆమె కొడుకు వచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు. "మామా, నువ్వు మా అమ్మకు సొంతన్నవా?" అని అడిగాడు. ఏమని చెప్పాలి? ఐర్లండు నుంచి మొదలుపెట్టాలా, గోదావరి నుంచా?

వడ్డిస్తున్న ఆమె నా విస్తరి ముందు ఆగింది. "చెప్పన్నా, చెప్పు. నాకు గూడ ఇప్పటిదాక సమజ్ కాలే" అంది, నవ్వుతూ. ఆ నవ్వు మారలేదు. స్టూలు మీది నుంచి సాక్షిని వెతుక్కున్న ఆ ఇరవై నాలుగేళ్ల పిల్లాడు నాకు గుర్తొచ్చాడు. వాడి మీద జాలేసింది, కొంచెం ముద్దు కూడా వచ్చాడు. నేను పిల్లాడితో, "సొంతన్ననే" అన్నాను. ఆమె నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసి ముందుకు పోయింది.