దొర అద్దంలో దాపటి ఎద్దు

ఎవరి ముఖమును వారికే చూపి, తాను ఒక్క ముఖమునైనను లోన దాచుకొనని నిర్మలత్వమునకు నమస్కారము. వెలుగునకు వంకర నడక నేర్పజూచిన పండితులకు దూరమునుండియే మఱియొక నమస్కారము. శ్రీ తారణ నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ పంచమి నాటి ముచ్చట ఇది.

చేవెళ్ల నుండి మొయినాబాదుకు పోయే బాటకు కొంత ఎడంగా ఉన్న మా ఊరిలో ఒక దొర ఉండేవాడు. సాయంకాలాలు ఆయన గడిలో నేను పురాణం చదివేవాణ్ణి. తుంటి విరిగి చాలా ఏళ్లుగా మంచాన ఉన్నా ఆయన ఊరి మీద పెత్తనం మాత్రం వదలలేదు. చావడిలో ఆయన మంచం వాకిలికి వీపు పెట్టి ఉండేది. ఎదుటి గోడకు మనిషెత్తు బిలాయతీ అద్దం. వాకిట్లో ఎవరు వచ్చినా, ఏది జరిగినా, దొర తల తిప్పకుండా ఆ అద్దంలోనే చూసి తీర్పులు చెప్పేవాడు.

వెలుగు అద్దానికి ఏ వాలున వచ్చి తగులుతుందో అదే వాలున అవతలి వైపుకు మళ్లిపోతుంది. వచ్చిన దారిన తిరిగి పొమ్మన్నా పోతుంది. కనుక దొర కంటికి వాకిట నిలిచినవాడి కన్ను కనబడిందంటే, వాడి కంటికీ అదే దారిన దొర కన్ను కనబడుతుంది. పసిపిల్లలకు సైతం తోచే ఈ సంగతి ఆయనకు తోచలేదు. తాను ఎవరికీ కనబడకుండా అందరినీ చూస్తున్నానన్న గర్వంతోనే ఆయన బ్రతికాడు. ఆయన ముక్కులో వేలు పెట్టుకొని తీరికగా తిప్పుకొనడం ఊరంతా ఎన్నోమార్లు చూసి, కిక్కురుమనకుండా నిలబడింది.

మా ఊరిలో ఒక కట్టు ఉండేది. కొత్త ఎద్దు వస్తే కాడి కట్టకముందు గడి వాకిట నిలబెట్టి సుళ్లు చూపించాలి. ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటే సుడి. అది కుడి భుజం మీద ఉంటే ఇంటికి సిరి అట, ఎడమ భుజం మీద ఉంటే యజమానికి పాడె అట. అట్టి ఎద్దును ఊరి పొలిమేరలో దున్ననీయరు. ఈ శాస్త్రం ఎవరు రాశారో నాకు తెలియదు. ఎద్దులే రాసి ఉంటే ఇంతకంటె తెలివిగా రాసి ఉండేవి.

ఆ ఎండాకాలంలో మా ఊరి రైతు ఒకని వలపటి ఎద్దు చచ్చిపోయింది. కాడికి కుడివైపు నడిచేది వలపటి ఎద్దు, ఎడమవైపు నడిచేది దాపటి ఎద్దు. ఒక పక్కకు అలవాటుపడిన ఎద్దును రెండో పక్కన కడితే చాలు తప్పుతుంది, మొరాయిస్తుంది, జతదాన్ని కూడా చెడగొడుతుంది. అతనికి మిగిలింది దాపటిది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాడిబర్రెను ఇచ్చి, కనకమామిడిలో వలపట నడిచిన తెల్లని ఎద్దును మార్చుకొని తెచ్చాడు. ఆ ఇంటివారు చర్చికి పోయేవారు. సుళ్ల మీద వారికి నమ్మకం లేదు. అయినా ఊరి కట్టు ఊరి కట్టే. మృగశిర కార్తె పది పన్నెండు దినాలలోకి వచ్చింది. ఆ ఎద్దు కాడికి రాకపోతే వారి చెలక బీడుపడుతుంది. మార్చుకొనడానికి కొట్టంలో మరొక పశువు లేదు.

ఆ ఉదయం రైతు ఎద్దును పట్టుకొని వాకిట నిలబడ్డాడు. అతని తల్లి, అరవై దాటిన అవ్వ, దర్వాజా దగ్గర కర్ర ఆనుకొని నిలుచున్నది. గడికి ముహూర్తాలు పెట్టే శాస్త్రిగారు ఎద్దు పక్కనుండే, దాని కుడి భుజానికి ఉత్తరీయం రాసుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు. సుడి ఆ భుజం మీదనే, రూపాయంత, తేటగా ఉన్నది.

దొర అద్దంలోకి చూశాడు.

“ఎడమ బుజం మీద ఉన్నది సుడి. పొలిమేర దాటియ్యుండ్రి.”

“కుడి బుజమే దొరా,” అన్నాడు రైతు. “చెయ్యి పెట్టి సూసి తెచ్చిన.”

“అంటే నా కండ్లు పోయినయా?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? శాస్త్రిగారు వెనుకకు తిరిగి ఎద్దును చూడవచ్చు. మెడ ఒక్క జానెడు తిప్పితే చాలు. ఆయన మెడ తిప్పలేదు. అద్దంలోకి చూసి, “ప్రత్యక్షంగా ఎడమే,” అన్నారు. తర్కశాస్త్రం పుట్టిన నాటినుండి ప్రత్యక్షమన్న మాటకు ఇంతటి అవమానం జరిగి ఉండదు.

నేను ఊరుకొని ఉంటే బాగుండేది. దొర దిండు పక్కన తాలూకా కచేరీ నుండి వచ్చిన ఉర్దూ కాగితం ఒకటి ఉంటే, తీసి అద్దానికి ఎదురుగా పట్టి, అద్దంలో చూసి చదవమని దొరను కోరాను. ఉర్దూను నీళ్లలా చదివే మనిషి. ఎంత చూసినా ఒక్క ముక్క నోటికి రాలేదు. అక్షరాలన్నీ ఎడమనుండి కుడికి నడుస్తున్నవి. రాత తిరగబడినట్లే సుడి చోటు కూడా తిరగబడి కనబడుతున్నదని మనవి చేశాను. దొర నుదురు ముడివడింది. ఒక్క క్షణం ఆయనకు అనుమానం కలిగిందనే నా నమ్మకం. కాని అనుమానాన్ని పుట్టిన చోటనే నులిమివేయడానికే గదా గడిలో శాస్త్రులను పోషించేది.

“రాత మనిషి పెట్టింది గనుక తిరగబడ్తది,” అన్నారు శాస్త్రిగారు. “సుడి బ్రహ్మ పెట్టింది. అది ఎట్ల తిరుగుతది?”

దొర ముఖం వికసించింది. నా కాగితం నా చేతిలోనే మిగిలింది.

నిజానికి అద్దం కుడిని ఎడమ చేయదు. ఆ నింద దానికి అన్యాయం. అద్దానికి ఎంత ముందుగా వస్తువు ఉంటుందో అంతే వెనుకగా అది ఉన్నట్లు చూపుతుంది. కుడి దిక్కున ఉన్నదాన్ని కుడి దిక్కుననే ఉంచుతుంది. అటు ఇటు చేసేది ముందు వెనుకలను మాత్రమే. ఆ లోపలి బొమ్మను నిజమైన ఎద్దు అనుకొని, దాని భుజాలకు మనమే పేర్లు పెట్టి, ఆపైన కుడి ఎడమైందంటాం. దొర చేసిన తప్పు ఇంతే. అయితే ఇటువంటి తప్పు అవ్వలూ పసులకాపరులూ చేస్తే ఒక నవ్వుతో పోతుంది. దొరలు చేస్తే దానికి శాంతి విధిస్తారు.

శాస్త్రిగారు విధించారు. ఎడమ సుడి దోషం ఎడమ పక్కననే అణగుతుంది కనుక, ఎద్దును దాపట కట్టుకొని దున్నవచ్చునన్నారు. ఎంత దయ! వలపటి ఎద్దు దాపటకు రావాలి, దాపటి ముసలి ఎద్దు ఈ వయసులో వలపటకు పోవాలి. పది దినాలలో రెండూ చెడిపోవాలి. నాగలి ఎన్నడూ ముట్టని మనిషికి గాని ఇటువంటి పరిహారం తోచదు. దొర సరేనన్నాడు. రైతు పలుపును పిడికిట బిగించి నేల చూస్తున్నాడు.

అప్పుడు అవ్వ నాలుగడుగులు ముందుకు వచ్చింది. గొంతు చాలా మెత్తగా ఉన్నది.

“దొరా, దాపట అంటే ఏ దాపట? వాకిట్ల కనవడేదా, మీ అద్దంల కనవడేదా?”

శాస్త్రిగారికి ముందుగా అర్థమయింది. నోరు తెరిచారు. కాని అద్దంలో కనబడ్డదే ప్రత్యక్షమని ఇంతకుముందే అన్న నోరు అది, మళ్లీ మూసుకున్నది.

“పిచ్చి ముసల్దానా, ఈ గడిల రెండు దాపటలున్నయా?” అన్నాడు దొర. “అద్దంల కనవడ్డదే దాపట.”

“మంచిది దొరా. మీ మాట ప్రకారమే కడ్తం. దినాం మీ వాకిటి ముందటికెల్లే తోల్కపోతం. మీరే సూసుకోన్రి.”

బయటికి వచ్చినాక ఆమె నా చేతిలోని కాగితం చూసి నవ్వింది.

“గంతసేపు అద్దంతోని కొట్లాడితివి పంతులూ. సదువుకున్నోనివి, దాంతోని పని జేపిచ్చుకోవద్దా?”

కాగితం అక్కడే మడిచి జేబులో పెట్టుకున్నాను. దొర దాన్ని మళ్లీ అడగలేదు.

జ్యేష్ఠ బహుళ పంచమి నాడు మృగశిర వాన పడింది. తెల్ల ఎద్దును వలపట కట్టుకొని రైతు గడి ముందునుండి చెలకకు తోలుకుపోయాడు. దొర అద్దంలో అది దాపట నడిచింది. ఆయన సంతోషించి, తన మాట ఊరిలో ఇంకా చెల్లుతున్నదని శాస్త్రిగారితో అన్నాడు. శాస్త్రిగారు ఔనన్నారు.

అదే సంవత్సరం కార్తిక మాసంలో ఆ చెలకలో జొన్న కోశారు.